రెండోసారి తీసిన చీటీ

లాక్‌డౌన్లు ఎత్తేసి ఆట హాళ్ళలోకి మళ్ళీ జనాన్ని రానిచ్చిన ఏడాది, సీజన్ ముగిసిన కొద్దిరోజులకే, ఇక్కడ మలేషియాలో మా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ నన్ను డ్రాఫ్ట్ లాటరీకి పర్యవేక్షణాధికారిగా వేసింది. జీతం పెరగలేదు, కూర్చునే గది మారలేదు. లాటరీ జరిగే రోజున మాత్రం ఆ బల్ల దగ్గర నా మాటే చివరి మాట. లీగ్ ఛైర్మన్ అయినా సరే, నేను అయిపోయిందని చెప్పాకే కుర్చీలోంచి లేవాలి.

నితిన్, శ్రేయా, మీ ఇద్దరు మనవలకీ నేను బడిలో పీటీ టీచరుగా పనిచేశానని తెలుసు. సాయంత్రాలు ఏం చేసేదాన్నో మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మ్యాచ్ జరిగేటప్పుడు కోర్టు పక్కన పొడుగాటి బల్ల ఒకటి ఉంటుంది చూడండి, స్కోరు రాసేవాళ్ళు, గడియారం నడిపేవాళ్ళు అక్కడ కూర్చుంటారు. వాళ్ళని టేబుల్ అఫీషియల్స్ అంటారు. వాళ్ళ మధ్యలో కూర్చుని తగవులు తీర్చే మనిషి కమిషనర్. ఆడవాళ్ళకి ఆ కుర్చీ ఇవ్వడానికి చాలాకాలం పట్టింది గానీ, నేను బడినుంచి రిటైరయ్యేనాటికి కమిషనర్‌నే. అందుకే లీగ్ ఆఫీసు వాళ్ళు పిలిచి పోటీల విభాగంలో కూర్చోబెట్టారు.

మొన్న నితిన్ ఫోన్లో అన్నాడు, అమెరికా వాళ్ళ లీగ్‌లో లాటరీ అంతా ఒట్టి మోసమట, పెర్త్‌లో తన స్నేహితులందరూ అదే అంటారట. అక్కడి సంగతి నాకు తెలియదు నాన్నా. మా దగ్గర జరిగింది ఒకటి ఉంది, అది రాస్తాను. శ్రేయకి తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మ చదివి వినిపిస్తుంది. మీరు జవాబు ఇంగ్లిష్‌లో పెట్టినా నేనేమీ అనుకోను.

ముందు డ్రాఫ్ట్ సంగతి చెప్పాలి. కొత్తగా ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చే పిల్లలు తమకి నచ్చిన జట్టులో చేరిపోవడానికి వీల్లేదు. జట్లు వంతులవారీగా వాళ్ళని ఎంచుకుంటాయి. మొదటి వంతు వచ్చిన జట్టుకి అందరికన్నా మంచి ఆటగాడు దొరుకుతాడు. పాపం ఓడిపోయిన జట్టుకే మొదటి వంతు ఇస్తే వచ్చే ఏడు వాళ్ళు కాస్త లేస్తారు, ఆట రక్తికడుతుంది. కానీ అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి వంతు అని ఖాయంగా రాసేస్తే, సీజన్ చివర్లో కొందరు కావాలనే ఓడతారు. ఆ దుర్బుద్ధి పుట్టకుండా ఉండడానికే లాటరీ పెట్టారు. మాది ఆరు జట్ల లీగ్. పై రెండు జట్లకి లాటరీలో చోటు లేదు. అట్టడుగు జట్టుకి నాలుగు చీటీలు, దానిపై జట్టుకి మూడు, ఆపైన రెండు, ఒకటి. ఏ జట్టు చీటీ మొదట బయటికొస్తే ఆ జట్టుది మొదటి వంతు. అట్టడుగు జట్టుకి ఆశ ఎక్కువే, హామీ మాత్రం లేదు.

ఆ ఏడు అట్టడుగున ఉన్నది ఈపో జట్టు. దానిపైన క్వాంటన్.

ఈపో జట్టు యజమానిని అందరూ టౌకే అనేవాళ్ళు. ఇక్కడ యజమానిని, షావుకారుని అలాగే పిలుస్తారు. ఆయనకి ఈపోలో హాలు నిండడం లేదని చాలాకాలంగా చింత. జొహోర్ బారులో కొత్త హాలు కట్టారు, అక్కడ స్పాన్సర్లు రమ్మని పిలుస్తున్నారు. జట్టుని అక్కడికి మార్చేస్తారని సీజన్ మధ్యనుంచే పుకారు ఉంది. ఆటగాళ్ళు ఆ పుకారు మోసుకునే కోర్టులోకి దిగేవాళ్ళు. అలా దిగితే ఎవరు గెలుస్తారు? సీజన్ ముగిశాక టౌకే పత్రికల వాళ్ళ ముందు ఒక మాట అన్నాడు: లాటరీలో మొదటి వంతు వస్తే ఈపోలోనే ఉంటాం, రాకపోతే జొహోర్ వెళ్ళిపోతాం.

ఆ మాటకి ఒక కారణం ఉంది. ఆ ఏడు డ్రాఫ్ట్‌లోకి వస్తున్న పిల్లల్లో హుటాన్ మెలింటాంగ్ అబ్బాయి హరీశ్ ఉన్నాడు. వాళ్ళ నాన్న చేపల పడవలు బాగుచేస్తాడు. ఈ అబ్బాయి తలుపులన్నీ వంగి దాటే పొడుగు, అయినా చేతిలో బంతి ఉంటే పొట్టివాళ్ళలా చురుగ్గా కదిలేవాడు. హుటాన్ మెలింటాంగ్, ఈపో రెండూ మా పేరాక్ రాష్ట్రంలోవే. పేరాక్ పిల్లవాడు పేరాక్ జట్టులో ఆడితే తెలుక్ ఇంతాన్‌నుంచి, బాగన్ దాతుక్‌నుంచి జనం మోటారుసైకిళ్ళేసుకుని వస్తారని టౌకే అంచనా. అది తప్పు అంచనా కూడా కాదు.

ఇక ఆ మాట మీద ప్రాణాలన్నీ పెట్టుకుని ఉన్నవాడు సింహాద్రి. ఈపో జట్టుకి మేనేజరు, ఊరు ఈపో దగ్గరి సుంగై సిపుట్. వాళ్ళ నాన్న రబ్బరు తోటలో పాలు గీసేవాడు. ఇతను మొదట జట్టు బస్సు నడిపేవాడు. తర్వాత బూట్లు, బంతులు, హోటల్ గదులు చూడ్డం మొదలుపెట్టి, చివరికి మేనేజరయ్యాడు. జట్టు పుట్టిననాటినుంచి ఉన్న మనిషి అతనొక్కడే. తోటల్లో పెరిగిన కుర్రాళ్ళని బస్సెక్కించి హాలుకి తెచ్చి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో నేర్పింది అతనే. జట్టు జొహోర్ వెళ్తే అక్కడి స్పాన్సర్లకి వాళ్ళ మనుషులున్నారు. సింహాద్రికి చోటు లేదని టౌకే ముందే చెప్పేశాడు. ఉద్యోగం ఒక్కటే పోతే అతను అంత బాధపడేవాడు కాదేమో. ఆ జట్టు తనదనుకున్నాడు.

సింహాద్రి వాళ్ళమ్మ మా బాగన్ దాతుక్ తోటలోనే పుట్టింది. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా మన తెలుగువాళ్ళ అలవాటు మీకు తెలుసు కదా, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఈ సంగతి పోస్టింగ్ కాగితం అందిన రోజునే ఛైర్మన్‌కి చెప్పాను. ఆయన నవ్వేసి, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ, "పేరాక్‌లో మీ తెలుగువాళ్ళందరూ అక్కాతమ్ముళ్ళే కదా లా. అది చూసి తీసేస్తే నాకు ఇంకెవరు మిగులుతారు?" అన్నాడు. చెప్పడం నా పని కాబట్టి చెప్పాను. సరేనని రాయించుకున్నాను.

లాటరీ కోలాలంపూర్‌లో, లీగ్ ఆఫీసు సమావేశాల హాల్లో జరిగింది. పద్ధతి ఇలా ఉంటుంది. నిమ్మకాయంత తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు, రెండు చిప్పలు నొక్కితే మూతపడేవి. పాతవి బీటలు వారడంతో ఆ ఏడు కొత్తవి తెప్పించాం. జట్టు ప్రతినిధి తన చీటీలు చూసుకుని, ఒక్కొక్కటి డబ్బాలో పెట్టి, మూసి నా చేతికివ్వాలి. నేను వాటిని పీపాలో వేసి తిప్పుతాను. పీపా మూతికి గుడ్డ తొడుగు ఉంటుంది, అందులోంచి చెయ్యి లోపలికి పోతుంది గానీ కంటికేమీ కనబడదు. చీటీ తీసే మనిషికి ఏ జట్టుతోనూ సంబంధం ఉండకూడదు. ఆ ఏడు రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ లిమ్‌ని పిలిచాం. ఆవిడకి బాస్కెట్‌బాల్‌లో ఎన్ని జట్లున్నాయో కూడా తెలియదు. మాకు కావలసింది అదే.

సింహాద్రి తెల్లవారకముందే సుంగై సిపుట్ గుళ్ళో పూజ చేయించుకుని, అటునుంచి అటే బస్సెక్కి వచ్చాడు. నుదుట గంధం, చొక్కా జేబులో ప్రసాదంగా ఇచ్చిన గంధం పొట్లం. తన వంతు వచ్చినప్పుడు బల్ల చివర నిలబడి డబ్బాలు మూస్తున్నాడు. మూసిన ప్రతి డబ్బానీ కళ్ళకద్దుకుంటున్నాడు. నేను అప్పుడు అవతలి కొసన ఛైర్మన్‌తో కలిసి పీపా లోపల ఖాళీగా ఉందని అందరికీ చూపిస్తున్నాను.

క్వాంటన్ మేనేజరు రోస్లీ పక్కనే ఉన్నాడు. మంచివాడే గానీ నోరు ఊరుకోదు. మలాయ్‌లో అన్నాడు, "బాంగ్, కళ్ళకద్దుకుంటే సరిపోతుందా? ముద్దు కూడా పెట్టు లా."

"నీ డబ్బాలు ఇటివ్వు. వాటికీ దణ్ణం పెట్టేస్తాను," అన్నాడు సింహాద్రి.

"వద్దు వద్దు. నావాటికి నేను పొద్దున్నే దువా చేసుకున్నాను. నీ దేవుడూ నా దేవుడూ పీపాలో కొట్టుకుంటే కాక్ సరోజ విడదీయలేదు."

మలాయ్‌లో బాంగ్ అంటే అన్న, కాక్ అంటే అక్క; ఆ కాక్ సరోజని నేనే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డబ్బాలు నా చేతికొచ్చాయి, పీపాలో వేశాను, తిప్పాను. మేడమ్ లిమ్ గాజు తీసి పక్కన పెట్టి, చెయ్యి లోపల పెట్టి, ఒక డబ్బా తీసి నాకిచ్చింది. తెరిచి చదివాను. ఈపో.

సింహాద్రి నిలబడ్డచోటే కుర్చీ కోసం చెయ్యి చాచాడు. కుర్చీ అందలేదు, గోడకి ఆనుకున్నాడు. పేరాక్ పత్రికల వాళ్ళు చప్పట్లు కొట్టారు. అతను టౌకేకి ఫోన్ చేసి, "వచ్చేసింది టౌకే, మనదే," అన్నాడు. అవతల ఏమన్నాడో గానీ, ఫోన్ పెట్టేశాక మా అందరికీ ఒక్కమాట చెప్పాడు: "ఉంటామన్నాడు." ఆ తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు.

మా నిబంధనల్లో ఒకటుంది. అందరూ సంతకాలు పెట్టేలోగా ఏ ప్రతినిధైనా డబ్బాలని చేతిలోకి తీసుకుని చూడవచ్చు. మామూలుగా ఎవరూ చూడరు, టీ చల్లారిపోతుందని సంతకం పెట్టేస్తారు. రోస్లీ కూడా చూద్దామని తీసుకోలేదు. మాట్లాడుతూ ఆ తెరిచిన డబ్బాని అరచేతిలో దొర్లిస్తున్నాడు. మధ్యలో ఆగిపోయాడు. చిప్పలు రెండూ కలిసే అంచుని గోటితో గీకాడు.

"కాక్ సరోజా, ఇది ఏమిటి?"

అంచు పొడుగునా సన్నటి పసుప్పచ్చ చార. ఎండి గట్టిపడింది. నేను పీపా బోర్లించి మిగతా డబ్బాలన్నీ బల్లమీద పోయించాను. మరో మూడింటికి అదే చార ఉంది. తక్కినవన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ మూడూ తెరిచాను. మూడింటిలోనూ ఈపో చీటీలే.

హాల్లో అందరూ ఈపో మేనేజరు వైపు తిరిగారు. సింహాద్రి మాత్రం ఏమీ కంగారుపడలేదు. అతనికి దాచాల్సిన సంగతి అనిపించలేదు మరి. నాతో తెలుగులోనే అన్నాడు, "ఓ, అదా అక్కా? గంధం. నానే ఎట్టినాను. కొత్త డబ్బాలు గదా. కొత్త లారీ తెచ్చినా, కుట్టు మిసను తెచ్చినా బొట్టెట్టకుండా ముడతామేటి మనవు? పెసాదం జేబులో ఉన్నాది, ఒక్కోదానికి సిన్న బొట్టెట్టినాను. గుర్తులు ఉండకూడదని రూలు గదా, మల్లీ సొక్కాకి తుడిసేసినాను. సందులో ఉండిపోనాదేటో."

నిజంగా అంతే జరిగింది. మన ఇళ్ళలో కొత్త గ్యాస్ పొయ్యికి కూడా బొట్టు పెడతాం, మీరూ చూశారు. ఆయుధపూజ రోజున ఇక్కడి ఫ్యాక్టరీల్లో మనవాళ్ళు కంప్యూటర్లకి పెడతారు. అతను చెప్పింది చెప్పినట్టు మలాయ్‌లో అందరికీ చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు, ఒక్క ముక్క కలపలేదు.

రోస్లీ తల ఊపాడు. "నేను మోసమనడం లేదు లా. బాంగ్ అలాంటి మనిషి కాదు. కానీ చీటీ తీసే చేతికి ఆ నాలుగూ తెలిసిపోవచ్చు కదా?"

మేడమ్ లిమ్ మొహం ఎర్రబడింది. "నేను తడిమి తీశానంటారా?"

కాదని రోస్లీ వెంటనే అన్నాడు. నేనూ అన్నాను. అయినా ఆవిడ గాజు తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

ఛైర్మన్‌కి ఈ గొడవ పెరగడం ఇష్టం లేదు. ఇష్టం లేకపోవడానికి మంచి కారణమే ఉంది. ఈపోలాంటి ఊళ్ళో జట్టు నిలిస్తే లీగ్‌కి మేలు. జట్టు ఊరు మారిస్తే టికెట్లు, మ్యాచ్‌ల పట్టిక, టీవీ అన్నీ మళ్ళీ మొదటినుంచి సర్దాలి. "ఇంత సన్నటి చార చేతికి తెలుస్తుందా? ఎవరికి తెలుస్తుంది లా?" అన్నాడు.

"మీకు తెలుస్తుందేమో చూద్దాం," అన్నాను. డబ్బాలన్నీ మళ్ళీ మూసి, కలిపి, బల్లమీద చెదరగొట్టి, ఆయన్ని కళ్ళు మూసుకోమన్నాను. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, అంచు గరుకుగా అనిపిస్తే కుడివైపు, లేకపోతే ఎడమవైపు పెట్టమన్నాను.

ఆయన సరదాగానే మొదలుపెట్టాడు. సగంలో ఆ నవ్వు పోయింది. అన్నీ అయ్యాక కళ్ళు తెరిచి చూశాడు. కుడివైపున చార ఉన్న డబ్బాలు నాలుగూ ఉన్నాయి. శుభ్రమైనది ఒక్కటి కూడా అటు పోలేదు.

అడగవలసింది ఇంకేమీ లేదు. మా నిబంధన ఏమంటుందంటే, డబ్బాలన్నీ కంటికీ చేతికీ ఒక్కలా ఉండాలి. మోసం జరిగిందని రుజువైతే ఆ జట్టు మీద శిక్ష ఉంటుంది, అది వేరే అధ్యాయం. డబ్బాలు ఒక్కలా లేకపోతే మాత్రం ఎవరి ఉద్దేశం ఏమిటని చూడరు, లాటరీ చెల్లదు. ఇవి ఒక్కలా లేవు. మొదటి లాటరీ రద్దు చేస్తున్నానని, డబ్బాలు కడిగి మళ్ళీ తీస్తామని చెప్పాను.

సింహాద్రికి అప్పుడు అర్థమైంది. గబగబా నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు, "అక్కా, టౌకే ఉంటాననీసినాడు. మల్లీ తీత్తే మాది రాకపోతే? నీకు తెల్సు గదా నాను దొంగోణ్ణి కాదని. ఒక్క మాట సెప్పు. ఆ రోస్లీ కూడా మోసం అన్లేదు. మన సుంగై సిపుట్ కుర్రోళ్ళు, ఈపోవోళ్ళు, ఆళ్ళందరికీ నానేటి సెప్పీది?"

అతను దొంగ కాడని నాకు తెలుసు. ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు. అయినా నేను తెలుగులో జవాబివ్వలేదు. మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ అర్థం కాని భాషలో, గొంతు తగ్గించి, పర్యవేక్షణాధికారి ఒక జట్టు మేనేజరుతో ఏం మాట్లాడినా తర్వాత తీసే చీటీకి అది మచ్చే. అందుకని అందరికీ వినబడేలా మలాయ్‌లో అన్నాను: "ఎన్చిక్ సింహాద్రి, మీరు నన్ను ఈ నిర్ణయం మార్చుకోమని అడిగారు. మార్చను. మీ జట్టు చీటీలు నాలుగూ మళ్ళీ పెట్టండి."

ఎన్చిక్ అంటే మిస్టర్ లాంటిది. అంతకుముందు అతన్ని నేనెప్పుడూ అలా పిలవలేదు. అతను వెనక్కి తగ్గి తన చోటుకి వెళ్ళిపోయాడు.

ఆఫీసు వంటగదిలో డబ్బాలు సబ్బునీళ్ళతో కడిగాం. చార పట్టిన నాలుగే కాదు, అన్నీ కడిగాం. ఒకే గుడ్డతో తుడిచాం. మళ్ళీ ఛైర్మన్ కళ్ళు మూసుకుని అన్నీ తడిమి చూశాడు. ఈసారి ఏదీ వేరు చేయలేకపోయాడు. ప్రతినిధులందరూ చేతులు కడుక్కున్నారు. సింహాద్రి మోచేతుల దాకా కడుక్కున్నాడు, నుదుటి గంధం కూడా కడిగేసుకున్నాడు. అది ఎవరూ అడగలేదు.

చీటీ ఎవరు తీయాలన్నది ఇంకో చిక్కు. మేడమ్ లిమ్ తాను ఇక తీయనంది. వేరే మనిషిని పిలిపించాలంటే సాయంత్రం అవుతుంది. రోస్లీ లేచి ఆవిడ ముందుకు వెళ్ళాడు. "మేడమ్, నేను డబ్బా గురించి అడిగాను, మీ గురించి కాదు. మళ్ళీ మీరే తీయండి. మీరు తీస్తే ఏది వచ్చినా నేను ఒప్పుకుంటాను." ఆవిడ మళ్ళీ గాజు తీసింది.

ఈసారి సింహాద్రి డబ్బాలు మూస్తుంటే ఎవరూ పరాచికాలాడలేదు. అతను కళ్ళకద్దుకోలేదు. మూసినవి మూసినట్టు నా చేతిలో పెట్టాడు, నా మొహం చూడకుండా. పీపా తిప్పాను. మేడమ్ లిమ్ చెయ్యి పెట్టిన వెంటనే మొదట తగిలింది తీసేసింది. తెరిచాను.

క్వాంటన్.

నేను చదివిన తర్వాత చీటీని ప్రతి ఒక్కరికీ చూపించాను. రోస్లీ సంతోషం పైకి కనబడనివ్వలేదు, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. రెండో వంతు ఈపోకి వచ్చింది. సంతకాలయ్యాయి. సింహాద్రి సంతకం పెట్టి, రోస్లీ దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపాడు. "అబ్బాయిని బాగా చూసుకో. వాడు పొద్దున్నే అన్నం తింటాడు, రొట్టె పెడితే తినడు," అన్నాడు. తర్వాత బయట వరండాలో నిలబడి టౌకేకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎంతోసేపు సాగలేదు.

హరీశ్ క్వాంటన్ వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే ఆడుతున్నాడు, బాగానే ఆడుతున్నాడు. ఈపో జట్టు వర్షాలు మొదలయ్యేలోగా జొహోర్ బారు వెళ్ళిపోయింది. పేరు మారింది, జెర్సీ రంగు మారింది. రెండో వంతులో ఎంచుకున్న కుర్రాడు ఈపోలో ఒక్కరోజు కూడా ఆడలేదు, నేరుగా జొహోర్‌లోనే దిగాడు.

కొన్ని నెలల తర్వాత పనిమీద సుంగై సిపుట్ వెళ్ళినప్పుడు సింహాద్రి ఇంటికి వెళ్ళాను. రమ్మని అతను పిలవలేదు, నేనే వెళ్ళాను. వాళ్ళావిడ టీ పెట్టి, వడలు తెచ్చింది. అతను అప్పటికి ఫ్యాక్టరీ బస్సు నడుపుతున్నాడు. మొదట వానల గురించి, డీజిల్ గురించి మాట్లాడుకున్నాం. చివరికి అతనే అడిగాడు.

"అక్కా, ఒక్కటి సెప్పు. మొదటిపాలి వచ్చిన సీటీ మాదే గదా?"

"మీదే."

"ఆవిడ తడిమి తీసినాదేటి?"

"తియ్యలేదు. నాకు తెలిసినంతలో తియ్యలేదు."

"మరింకేటి?"

"మరేం లేదు, సింహాద్రీ. వచ్చింది. చెల్లలేదు."

అతను టీ పక్కన పెట్టాడు. "అది ఒగ్గీ. సీటీ పోతే పోనాది. నువ్వు మలాయ్‌లో సెప్పినావు సూడు, నన్ను ఎన్చిక్ అన్నావు, అదొక్కటీ ఒగ్గనేకపోతన్నాను."

ఆ రోజు తెలుగులో జవాబిచ్చి ఉంటే రెండో చీటీ కూడా చెల్లేది కాదని చెప్పాను. రెండోసారి మీదే వచ్చి ఉంటే, అక్క తమ్ముడి చెవిలో ఏదో చెప్పింది, అందుకే వచ్చిందనేవాళ్ళు. అప్పుడు నిన్ను నిజంగానే దొంగ అనేవాళ్ళు అన్నాను.

"తెల్సు," అన్నాడు. "తెల్సినా ఒగ్గనేకపోతన్నాను."

వాళ్ళావిడ వంటింట్లోంచి, "ఆ వడలు సల్లారిపోతన్నాయి, తిని మాటాడుకోండి," అని కేకేసింది. తిన్నాం.

వెళ్ళేముందు అతనన్న ఇంకోమాట నాకు పని చెప్పింది. "ఓడిపోతంటే హాల్లో కూకుని సూసింది మా ఈపోవోళ్ళు. ఆ ఓటమికి గదా నాలుగు సీటీలిచ్చినారు? ఆ సీటీలతో ఎంచుకున్నోడేమో జొహోర్‌వోళ్ళకి ఆడతన్నాడు. ఇదేటి నాయం అక్కా?" అన్నాడు. దానికి జవాబు మా నిబంధనల పుస్తకంలో లేదు. లాటరీ జట్టుకి అవకాశం ఇస్తుంది. జట్టంటే యజమాని చేతిలో ఉన్న లైసెన్సు అని పుస్తకం అనుకుంటుంది. సింహాద్రి దృష్టిలో జట్టంటే చప్పట్లు కొట్టడం నేర్చుకున్న కుర్రాళ్ళు. రెండూ ఒకటే అయినంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. జట్టు ఊరు మారిన రోజున ఆ రెండూ విడిపోతాయి.

లీగ్ పనినుంచి కూడా రిటైరయ్యేలోగా రెండు మార్పులు పెట్టించగలిగాను. ఒకటి చిన్నది. ప్రతినిధులు డబ్బాలు మూసి ఇచ్చాక, పర్యవేక్షణాధికారి అందరి ముందూ అన్నిటినీ ఒకే తడిగుడ్డతో, తర్వాత ఒకే పొడిగుడ్డతో తుడిచి పీపాలో వేయాలి. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. బొట్టు పెట్టవద్దని మాత్రం నేను రాయలేదు. పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటారు, తుడిచేవాళ్ళం తుడుస్తాం.

రెండోదానికి చాలా సమావేశాలు పట్టాయి. వచ్చే సీజన్‌లో జట్టు ఏ ఊళ్ళో ఆడుతుందో యజమాని లాటరీకి ముందే రాసి సంతకం పెట్టాలి. లాటరీలో ఏది వచ్చినా ఆ సీజన్‌కి ఆ ఊరు మార్చడానికి వీల్లేదు. యజమానులు దీన్ని చాలా వ్యతిరేకించారు, తమ వ్యాపారంలో వేలు పెడుతున్నామన్నారు. ఛైర్మన్ చివరికి నా వైపు ఓటేశాడు. ఆయన కళ్ళు మూసుకుని డబ్బాలు వేరుచేసిన రోజుని మర్చిపోలేదనుకుంటాను. ఈ నియమం వల్ల జట్లు ఊళ్ళు మారడం ఆగలేదు. ఆ తర్వాత ఇంకో జట్టు మారింది కూడా. కాకపోతే ఆ ఊరివాళ్ళకి ముందే తెలిసింది, ఎవరి సంతకంతో పోతోందో కూడా తెలిసింది.

నితిన్ అడిగినదానికి నా జవాబు ఇదే. లాటరీ మోసమా కాదా అని మనుషుల మొహాలు చూసి తేల్చలేం. మోసానికి వీలుందా లేదా అని వస్తువులు చూసి తేల్చవచ్చు, ఆ పని మనుషుల మీద నమ్మకం ఉన్నప్పుడు కూడా చేయాలి. ఇంకొకటి, లాటరీ ఎంతవరకు తేల్చాలో ముందే గిరి గీయాలి. ఎవరు ముందు ఎంచుకోవాలన్నది అది తేల్చవచ్చు, జట్టు ఏ ఊళ్ళో ఉండాలన్నది తేల్చకూడదు. తర్వాత చాలామంది చీటీ వల్ల ఈపో జట్టు పోయిందన్నారు, కొందరు గంధం వల్ల అన్నారు, ఒకరిద్దరు నా వల్ల అన్నారు. చీటీ, గంధం, నేను, ముగ్గురం కాదు. జట్టుని తీసుకుపోయింది టౌకే.